పాపకి నక్షత్రం పేరా, తాతగారి పేరా, నేను దాచుకున్న పేరా?

ఈసారి ఉత్తరం రెండు నెలల పాపకి తల్లైన ఒకావిడ రాశారు. పేరు రాయలేదు, నాకూ అక్కర్లేదు. నాలుగు పేజీలుంది కాబట్టి కుదించి చెప్తాను. పాప కార్తీక శుద్ధ ఏకాదశి తెల్లవారుజామున పుట్టింది, ఉత్తరాభాద్ర నక్షత్రం, అక్కడిదాకా అందరిదీ ఒకే మాట. వాళ్ల పురోహితుడుగారు పంచాంగం చూసి రెండో పాదం (నక్షత్రంలో నాలుగో వంతుని పాదం అంటారు), పేరు 'శ' అక్షరంతో మొదలవ్వాలి అన్నారు. ఈవిడ ఫోన్‌లో యాప్‌లో టైం కొడితే మూడో పాదం, 'ఝ' వచ్చింది. ఇంకో చోట చూస్తే రెండో పాదానికి అసలు 'శ' లేదు, 'థ' ఉంది. "థ తో ఆడపిల్లకి ఏం పేరు పెడతారండీ, ఝ తో అయితే ఝాన్సీ తప్ప నాకేం తట్టట్లేదు" అని రాశారు. చదివి నవ్వాను, క్షమించండి.

కానీ మిగతాది నవ్వే విషయం కాదు. ఈవిడకి ఆరో నెల ఉండగా మామగారు పోయారు. ఆయన పేరు సత్యనారాయణ. ఏడాది తిరక్కుండా ఇంట్లో పాప పుట్టింది, అదీ కార్తీకంలో, దాంతో అత్తగారు "ఆయనే తిరిగొచ్చారు, సత్య అని పెట్టాల్సిందే" అంటున్నారు. ఈవిడకేమో పెళ్లికి ముందు నుంచీ ఆడపిల్ల పుడితే మేఘన అని పెట్టుకోవాలని. ఆడపడుచు న్యూమరాలజీ చూపించి మేఘన అయినా పర్లేదు కానీ స్పెల్లింగ్‌లో ఎన్ రెండుసార్లు, చివర ఒక హెచ్ ఉంటేనే అదృష్టం అని మెసేజ్‌లు పెడుతోంది. భర్త "మీరూ మీరూ తేల్చుకోండి, నాకు ఏదైనా ఓకే" అని ఊరుకున్నాడు. ఇరవై ఒకటో రోజున చేయాల్సిన బారసాల పేరు తేలక ఆగిపోయింది. పైగా పాపకి మొదటి వారంలో పసిరికలు వచ్చి లైట్ కింద పెట్టారట, అది కూడా "పేరు విషయంలో మొండితనం వల్లే" అని బంధువుల్లో ఎవరో అన్నారట. చివర్లో ఇలా రాశారు: "అక్షరం కుదరని పేరు పెడితే నిజంగా పిల్లకి ఏమైనా అవుతుందా? నేను నమ్మను, కానీ భయంగా ఉంది."

చూడండమ్మా, ఆ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా తగిలింది అదే. పసిరికల సంగతి ముందు వదిలించేసుకుందాం. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా మందికి రెండో రోజో మూడో రోజో కళ్లు, ఒళ్లు పచ్చబడతాయి, చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది, ఎక్కువుంటే లైట్ కింద పెడతారు. లివర్ ఇంకా పూర్తిగా పనిలోకి దిగకపోవడం వల్ల వచ్చేది అది. అయినా అప్పటికి పాపకి పేరే పెట్టలేదు కదా, పెట్టని పేరు వల్ల జబ్బు ఎలా వస్తుంది? ఆ మాటన్న బంధువు మళ్లీ కనిపిస్తే ఇదే అడగండి, నవ్వుతూనే అడగండి.

ఇక అక్షరం. మీరు నమ్మినా నమ్మకపోయినా అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం భయం పోతుంది. దీన్ని అవకహడ చక్రం అంటారు. ఆ పేరులోనే గుట్టంతా ఉంది. కృత్తిక నుంచి లెక్క మొదలుపెడితే అ, వ, క, హ, డ వరసగా వస్తాయి, తర్వాత మ ట ప ర త, ఆ తర్వాత న య భ జ ఖ, చివర గ స ద చ ల. ఈ ఇరవై అక్షరాలకి ఒక్కోదానికి అయిదు అచ్చులు చేర్చితే వంద. అభిజిత్తుతో కలిపి ఇరవై ఎనిమిది నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, అంటే 112 గడులు. వంద అక్షరాలు పెట్టాక పన్నెండు గడులు మిగిలాయి కదా, వాటిలో ఘ, ఙ, ఛ, ష, ణ, ఠ, ఝ, థ లాంటివి సర్దారు. అవి పడింది నాలుగే నాలుగు నక్షత్రాలకి, ఆరుద్ర, హస్త, పూర్వాషాఢ, ఉత్తరాభాద్ర. మీ పాప సరిగ్గా అందులో పుట్టింది, అంతే! ఆరుద్ర మూడో పాదానికి ఙ ఇస్తారు, హస్తకి ణ ఇస్తారు, ఙ తో పేరు పెట్టిన తండ్రిని ఈ భూమ్మీద ఎవరూ చూసుండరు. మరి ఇన్ని వందల ఏళ్లుగా ఆ పాదాల్లో పుట్టినవాళ్లంతా పేర్లు లేకుండా బతికారా? లేదు. పురోహితులు అదే నక్షత్రంలో ఇంకో పాదం అక్షరమో, అదే రాశిలో ఇంకో అక్షరమో తీసుకోమని చెప్తూనే ఉన్నారు. ఈ మిగిలిన అక్షరాల దగ్గరే పుస్తకానికీ పుస్తకానికీ తేడాలొస్తాయి, అందుకే మన పంచాంగాల్లో దు, శ, ఝ, థ అని ఉంటే ఉత్తరాది పట్టికల్లో దూ, థ, ఝ, ఞ అని కనిపిస్తుంది. మీకు కనపడ్డ 'థ' అక్కడిది.

పాదం తేడా కూడా అలాంటిదే. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి దాదాపు ఒక రోజు, పాదానికి సుమారు ఆరు గంటలు. పాదం మారే వేళకి దగ్గర్లో పుడితే, పాత సిద్ధాంతం లెక్కతో చేసిన పంచాంగానికి, ఇప్పటి దృక్ గణితంతో, అంటే ఆకాశంలో నిజంగా కనపడే స్థానాలతో సరిపోయే లెక్కతో చేసే యాప్‌కి తేడా వచ్చి పాదం అటో ఇటో అవుతుంది. హాస్పిటల్‌లో రాసిన టైం కూడా పాప బయటికొచ్చిన నిమిషమా, నర్సు గడియారం చూసిన నిమిషమా అనేది ఇంకో సంగతి. అంటే మీ పురోహితుడూ తప్పు చెప్పలేదు, యాప్ కూడా తప్పు చెప్పలేదు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి అనేది మీ ఇష్టం, జాతకం ఎవరితో రాయిస్తారో వాళ్ల లెక్కే పట్టుకోవడం మంచిది, రేపు పెళ్లి సంబంధాల టైంలో మళ్లీ ఇదే రభస రాకుండా.

అన్నట్టు జాతకం అన్నాను కదా, ఇది గమనించండి. జాతక చక్రం వేసేటప్పుడు అడిగేది పుట్టిన తేదీ, టైం, ఊరు. పేరు అడగరు. లగ్నం, రాశి, దశలు అన్నీ దాంట్లోంచే వస్తాయి. ఉత్తరాభాద్రలో పుట్టిన పిల్లకి శని మహాదశతో మొదలవుతుంది, మీరు మేఘన అన్నా సత్య అన్నా అది మారదు. గుళ్లో అర్చన చేయించినా గోత్రం, పేరు చెప్పి ఉత్తరాభాద్ర నక్షత్రం, మీన రాశి అంటారు, ఆ పేరు 'శ' తో మొదలైందా లేదా అని పూజారిగారు చూడరు. పేరు బట్టి వచ్చే నామ నక్షత్రం వాడేది ఊరు, ఇల్లు, ఉద్యోగం, వ్యవహారాల లాంటి వాటికి అనీ, పెళ్లికీ మిగతా సంస్కారాలకీ జన్మ నక్షత్రమే అనీ జ్యోతిషం చెప్పేవాళ్లే అంటారు. పుట్టిన టైం తెలియని వాళ్లకి పేరు మీద చూస్తారు, అంతే. కాబట్టి నమ్మేవాళ్ల లెక్కలోనే నిలబడి చూసినా, అక్షరం కుదరకపోతే పిల్లకి గండం అనే మాటకి బలం కనపడదు నాకు.

ఇంకో సంగతి, మన సంప్రదాయంలో పిల్లకి ఒకటే పేరు ఉండాలని ఎప్పుడూ లేదు. 1790 ప్రాంతంలో రాసిన ధర్మసింధు, మన పురోహితులు ఇప్పటికీ చూసే పుస్తకమే, నాలుగు రకాల పేర్లు చెప్తుంది: దేవతా నామం, మాస నామం, నక్షత్ర నామం, వ్యావహారిక నామం. మాస నామాలు విష్ణువు పేర్లు, మార్గశిరానికి కృష్ణ, పుష్యానికి అనంత అని మొదలై కార్తీకానికి పుండరీకాక్ష దగ్గర పూర్తవుతాయి. నక్షత్ర నామం మీరు కొట్టుకుంటున్న ఈ అక్షరానిది. లోకం పిలిచేది నాలుగోది. ఇంకా పాతకాలపు గృహ్య సూత్రాల్లో, అంటే ఇంట్లో చేసే సంస్కారాల పద్ధతులు చెప్పే పుస్తకాల్లో అయితే తల్లికీ తండ్రికీ మాత్రమే తెలిసిన రహస్య నామం కూడా ఉంది. అంటే నక్షత్రం పేరు అసలు పది మందిలో పిలవాల్సిన అవసరమే లేదు, బారసాలలో బియ్యం మీద ఉంగరంతో రాసి, తండ్రి పాప కుడి చెవిలో చెప్పేస్తే దాని పని అయిపోయింది.

సరదాకి ఇంకోటి చెప్తాను. ఆడపిల్లల పేర్లకి గృహ్య సూత్రాలు పెట్టిన రూలు అక్షరాల సంఖ్య బేసిగా ఉండాలి అని, మనుస్మృతి పలకడానికి తేలిగ్గా, విన సొంపుగా, అర్థం తెలిసేలా ఉండాలంది. మీ మేఘనకి మూడక్షరాలు, పాసైంది. అదే మనుస్మృతి ఇంకో చోట నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు ఉన్న అమ్మాయిని చేసుకోవద్దంటుంది, మేఘన బంగ్లాదేశ్‌లో పెద్ద నది. ఫెయిలైంది. మరి మన ఇళ్లల్లో రోహిణులు, రేవతులు, తులసులు, గంగలు, యమునలు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, వాళ్లందరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలున్నారు. జనం తమకి కావాల్సిన రూలు ఉంచుకున్నారు, మిగతాది వదిలేశారు, ఎప్పటి నుంచో ఇంతే. పిల్లలు దక్కని ఇళ్లల్లో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టేవారు, దర్గాకి మొక్కుకుని హిందువుల ఇళ్లల్లో మస్తానయ్య అని పెట్టినవాళ్లున్నారు. ఏ చక్రంలో ఏ అక్షరం వచ్చిందని పెట్టారు అవి? బిడ్డ బతకాలని పెట్టారు. మీరు నవ్వుకున్న ఝాన్సీ కూడా ఒక ఊరి పేరే, అక్కడి రాణి మీద అభిమానంతో మన ఆడపిల్లల పేరైంది.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. ఉత్తరం రెండుసార్లు చదివాక నాకనిపించింది ఏంటంటే, మీ ఇంట్లో జరుగుతున్నది పేరు గొడవ కాదు, అక్షరం గొడవ అసలే కాదు. మీ అత్తగారు భర్త పోయిన ఆరు నెలలు తిరక్కుండా మనవరాల్ని ఎత్తుకున్నారు. ఆవిడకి ఏడవడానికి టైం దొరికిందో లేదో తెలీదు. "ఆయనే తిరిగొచ్చారు" అనే మాటని మీరు ఉత్తరంలో మొండితనం అన్నారు, నాకు అది దుఃఖం లాగా వినిపించింది. అలాగని మీరు పెళ్లికి ముందు నుంచీ దాచుకున్న పేరు వదిలెయ్యాలి అనట్లేదు నేను. తొమ్మిది నెలలు మోసింది మీరు, ఆ పేరుతో పొట్టలో బిడ్డతో మాట్లాడింది మీరు. కాకపోతే ఆవిడ అడుగుతున్నది రికార్డులో పేరా, లేక ఆయన్ని మర్చిపోకుండా ఉండటమా, అది ఎవరైనా అడిగారా?

ఇక్కడ ఒక విషయం చెప్పాలా వద్దా అని ఆలోచించాను, మీ అత్తగారి చేతికి ఆయుధం ఇచ్చినట్టు అవుతుందేమో అని. కానీ దాచి పెట్టి సలహా ఇవ్వడం నాకు నచ్చదు. చాలామంది పురోహితులు శ, స లకి తేడా చూడరు. ఆ లెక్కన 'శ' వచ్చిన పాపకి సత్య పెట్టొచ్చు అనేవాళ్లు దొరుకుతారు. కాదనేవాళ్లూ దొరుకుతారు, ఎందుకంటే స అక్షరం శతభిషంది, అది కుంభ రాశి. మీ పురోహితుడుగారు ఏమంటారో ముందే కనుక్కుని ఉంచుకోండి, అందరి ముందూ హఠాత్తుగా వినేకంటే.

మీకున్న దారుల్లో ఒకటి, నాలుగు పేర్ల పద్ధతి నిజంగా వాడుకోవడం. బియ్యంలో నక్షత్రానికి ఒక పేరు, శాంభవో శ్యామలో మీ ఇష్టం, తాతగారి పేరుగా సత్య, వ్యవహారానికి మేఘన. సర్టిఫికెట్‌లో మేఘన మాత్రమే. నాయనమ్మ ఇంట్లో సత్యా అని పిలుచుకుంటుంది. ఇందులో ఇబ్బంది ఏంటంటే, నాలుగేళ్లొచ్చాక పాప "నా పేరు ఏది?" అని అడుగుతుంది, పెద్దగా సమస్య కాదు, మన తరంలో ఇంట్లో బుజ్జి, బడిలో ఇంకోటి ఉన్నవాళ్లం ఎంతమందిమి లేం. అసలు ఇబ్బంది అత్తగారికి "రికార్డులో లేకపోతే పెట్టినట్టా?" అనిపించడం. ఆవిడ అక్కడ గట్టిగా ఉంటే ఇది పని చెయ్యదు.

రెండోది రెండూ కలిపి సత్య మేఘన. వినడానికి బానే ఉంది, నాకైతే నచ్చింది కూడా. కానీ ముందు రాసిన పేరే బడిలో పిలిచే పేరు అయిపోయే అవకాశం ఎక్కువ, మేఘన సత్య అని తిప్పి రాస్తే మీ కోరిక నిలుస్తుంది, అయితే ఆ తిప్పడానికి మళ్లీ ఒక రౌండ్ గొడవ పడాలి. దానికి ఇంటిపేరు చేరితే ఎంత పొడుగవుతుందో ఒకసారి కాగితం మీద రాసి చూసుకోండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఒక గడిలో రాస్తారు, ఇనీషియల్‌తో బండి లాగించిన మన తెలుగువాళ్లు ఫారాల దగ్గర ఎన్ని తిప్పలు పడ్డారో మీ చుట్టాల్లో ఎవర్ని అడిగినా చెప్తారు.

మూడోది, ఇద్దరివీ పక్కన పెట్టి మీన రాశి అక్షరాల్లోంచి కొత్త పేరు వెతకడం. దీ, దు, శ, దే, దో, చా, చీ ఉన్నాయి, ఝ థ జోలికి పోకుండానే దీప్తి, దేవిక, చారుశీల, చిన్మయి, శారద ఇలా బోలెడు దొరుకుతాయి. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. కానీ నిజం చెప్పండి, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరైనా మేఘనా అని వేరే పిల్లని పిలిస్తే మీ మనసు చివుక్కుమంటుందా? అంటుందనిపిస్తే ఈ దారి వద్దు. ఈ పద్ధతిలో వెళ్తే మాత్రం అర్థం సరిగ్గా చూసుకోండి, నెట్‌లో ప్రతి పేరుకీ దేవత, వెలుగు, ప్రేమ అని రాసేస్తున్నారు. అనామిక అంటే పేరు లేనిది, ఉంగరం వేలిని కూడా అదే అంటారు, మిథ్య అంటే అబద్ధం. నిఘంటువు తెలిసిన మనిషిని ఒక్కర్ని అడిగితే పోతుంది.

నాలుగోది, ఎవరేమన్నా మేఘన పెట్టేసుకోవడం. పెట్టుకోవచ్చు, అడ్డుకునే చట్టం లేదు. మీ అత్తగారు కొన్నాళ్లు "పాపా" అని పిలుస్తారు తప్ప పేరు పెట్టి పిలవరు, అది మీరు భరించగలరా లేదా అనేది మీకే తెలియాలి. ఒకే ఇంట్లో ఉంటున్నారో వేరుగా ఉంటున్నారో మీరు రాయలేదు, ఈ దారికి అది చాలా ముఖ్యం.

అలాగే అత్తగారి మాట ప్రకారం సత్య ఒక్కటే పెట్టేస్తే? శాంతి వస్తుంది. కానీ వెనకటి ఇళ్లల్లో ఒక చిక్కు ఉండేది, తాతగారి పేరు మనవడికి పెడితే కోడలు మామగారి పేరు పెట్టి పిలవకూడదు, తిట్టకూడదు, అందుకని ఆ పిల్లాడు జీవితాంతం చిన్నోడో నానిగాడో అయిపోయేవాడు. ఇప్పుడు ఆ పట్టింపు తగ్గింది. అయినా అడుగుతున్నాను, రాత్రి రెండింటికి పాప నిద్రపోకపోతే "సత్యా, నోర్ముయ్" అని మీరు అనగలరా, అంటే అత్తగారు ఊరుకుంటారా?

న్యూమరాలజీకి నేను ఎక్కువ సేపు ఖర్చు పెట్టను. ఇంగ్లీష్ అక్షరాలకి అంకెలిచ్చే పద్ధతులు రెండు బాగా వాడుకలో ఉన్నాయి, ఒకదాంట్లో ఎనిమిది వరకే అంకెలు, ఇంకోదాంట్లో తొమ్మిది వరకు. మామూలు స్పెల్లింగ్‌తో మేఘన మొదటిదాంట్లో 24, అంటే ఆరు వస్తుంది. రెండోదాంట్లో 31, అంటే నాలుగు. ఒకే పేరు, ఒకే పిల్ల, రెండు అదృష్టాలు. ఆడపడుచుకి ఇది ప్రేమగానే చెప్పండి, తనూ మేనకోడలి మీద ఇష్టంతోనే చేస్తోంది. కానీ రికార్డుల్లో ఎక్కాక ఒక ఎన్ తేడా వస్తే ఆధార్ ఒకలా, బడి సర్టిఫికెట్ ఒకలా అయి అఫిడవిట్‌లు పట్టుకుని తిరిగేది మీరూ మీ పిల్లా. 2023 అక్టోబర్ నుంచి పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెట్టే బడికీ పాస్‌పోర్ట్‌కీ అన్నిటికీ ఆధారం, అందుకని అక్కడ పడే స్పెల్లింగ్ జాగ్రత్త.

తొందర మాత్రం లేదు. జననం నమోదు పేరు లేకుండా కూడా జరుగుతుంది, తర్వాత ఏడాది లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా ఆలస్యపు ఫీజు కట్టి చేర్పించొచ్చు. ఎవరైనా "రేపే ఇచ్చెయ్యాలి" అని కంగారు పెడితే కంగారు పడకండి. మామగారు పోయి ఏడాది తిరగలేదు కాబట్టి పెద్ద ఫంక్షన్ ఎలాగూ వద్దనుకుంటారు, నలుగురితో ఇంట్లో చేసుకునేదానికి ముహూర్తం ఎప్పుడైనా దొరుకుతుంది.

మీ భర్త సంగతి చివరికి ఉంచాను, కావాలనే. నామకరణంలో పాప చెవిలో పేరు చెప్పాల్సింది ఆయన. చనిపోయింది ఆయన నాన్న. "నాకు ఏదైనా ఓకే" అని పక్కకి జరిగితే అటు తల్లి, ఇటు భార్య కొట్టుకుంటూ ఉంటారు, ఆయన మంచివాడుగా మిగిలిపోతాడు. ఆయనకీ నాన్న పోయిన బాధ ఉండే ఉంటుంది, అందుకే నోరు మెదపట్లేదేమో, అది నాకు తెలీదు. ఒక సాయంత్రం పాపని అత్తగారి ఒళ్లో పెట్టి మీరు ముగ్గురే కూర్చోండి, ఆడపడుచు ఫోన్లో కూడా వద్దు. ఆయన్నే మొదలుపెట్టమనండి, పేరుతో కాదు, నాన్న గురించి. మామగారికి మీకు పుట్టబోయే బిడ్డ గురించి ఏమైనా కోరిక ఉండేదా, ఆయన ఏ పేరైనా అనుకున్నారా? ఆరో నెల దాకా ఆయన ఉన్నారు కదా. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు, ఎవరూ అడిగినట్టు లేరు. మీరు కూడా మేఘన అనే పేరు ఎక్కడ విన్నారో, ఎందుకు పట్టుకున్నారో అత్తగారికి ఎప్పుడైనా చెప్పారా? నాకైతే రాయలేదు.

ఆ రోజు ఏం తేలకపోతే ఇంకో వారం ఆగండి, పాపకేం నష్టం లేదు. అన్నట్టు ఈ రెండు నెలలూ ఇంట్లో అందరూ పాపని ఏదో ఒకటి పిలుస్తూనే ఉండుంటారుగా, ఏమని పిలుస్తున్నారు? మళ్లీ రాస్తే అదొక్కటి మర్చిపోకుండా రాయండి.